ఓడ దారి ఎవరు గీస్తారు?

ఈ నెల సంచికలో మనం ఓడ ఎక్కుతున్నాం. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయలుదేరిన ‘ఎంప్రెస్’ విహారనౌకకు పుదుచ్చేరిలో అనుమతి దొరకలేదు. అడ్డొచ్చింది అలలు కాదు, ఓడలోని కేసినో! మరుసటి ఏడాది అదే ఓడ చెన్నై నుంచే శ్రీలంక రేవులకు వెళ్లింది.

ఓడ దారిని చట్టాలూ గీస్తాయి. 1958 నాటి మన నౌకాయాన చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ మన రేవుల మధ్య తిరగాలంటే లైసెన్సు అవసరమయ్యేది. విహారనౌకలకు కేంద్రం సడలింపు ఇవ్వబట్టే చెన్నైవాసులకు విశాఖ దాకా సముద్రప్రయాణం దక్కింది. అమెరికాకు అంత ఉదారత లేదు. అక్కడి 1886 నాటి చట్టం పుణ్యమా అని, సియాటిల్‌లో విదేశీ ఓడెక్కి అలాస్కా చూసొచ్చే మన తెలుగువాళ్లు మధ్యలో కెనడా రేవు, చాలాసార్లు విక్టోరియా, తొక్కి రావాల్సిందే.

2025లో మనకు కొత్త తీర నౌకాయాన చట్టం వచ్చింది కనుక ఈ చర్చకు ఇదే అదును అనుకున్నాం. మా రచయితలు చట్టాన్ని ప్రయాణికుడి కళ్లతోనే చదివారు. మీరు మాత్రం ముందు కేసినో వ్యాసమే తెరుస్తారని మాకు తెలుసు.