నగర వాయు నాణ్యత: గాలి వేళలను గుర్తించని ప్రణాళికలు

వాయు కాలుష్యంపై జరిగే చర్చ సాధారణంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. కర్మాగారాలు ఎంత పొగ వదులుతున్నాయి? రోడ్లపై ఎన్ని వాహనాలు తిరుగుతున్నాయి? ఈ రెండూ ముఖ్యమైనవే. అయితే గాలిలో కలిసిన పొగ, ధూళి ఎంతసేపు నిలిచి ఉంటాయి, ఎటు పయనిస్తాయి అన్నది శీతోష్ణస్థితి, భూస్వరూపం నిర్ణయిస్తాయి. ఈ అంశాన్ని విస్మరించిన నియంత్రణ ప్రణాళిక అసంపూర్ణమని చెప్పడానికి విశాఖపట్నం చక్కని ఉదాహరణ.

ఈ నగరానికి ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస ఉన్నది. దక్షిణాన యారాడ కొండలు డాల్ఫిన్స్ నోస్ వద్ద సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నాయి. వీటి నడుమనున్న పల్లపు ప్రాంతంలోనే 1933లో ఓడరేవు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వెలిశాయి. వాటి చుట్టూ జనావాసాలు పెరిగాయి. కొండలు ఓడలకు రక్షణ కల్పించాయి; అవే కొండలు పొగ విస్తరించే మార్గాన్ని కుదించాయి.

పగటివేళ నేల వేడెక్కగా సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేచి కాలుష్యాన్ని ఎత్తైన పొరలలో కలుపుతుంది. సూర్యాస్తమయం తరువాత నేల త్వరగా చల్లబడుతుంది. నేలను అంటిన గాలి చల్లగా, దానిపై గాలి వెచ్చగా ఉండే ఉష్ణోగ్రతా విలోమం ఏర్పడి మూతవలె పనిచేస్తుంది. నేల నుండి సముద్రం వైపు వీచే రాత్రి గాలి బలహీనమైనది. అది మోసుకుపోయిన కాలుష్యంలో కొంత భాగాన్ని మరునాటి సముద్రపు గాలి తిరిగి తేగలదు. ఆకాశం నిర్మలంగా, రాత్రులు దీర్ఘంగా ఉండే డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ స్థితి మరింత బలపడుతుంది. నైరుతి రుతుపవన కాలంలో గాలులు, వర్షాలు ధూళిని చెదరగొట్టి కడిగివేస్తాయి. పొగగొట్టం అదే, పొగ పరిమాణమూ అదే. జనవరి తెల్లవారుజామున, జూలై మధ్యాహ్నం ప్రజలు పీల్చే గాలి మాత్రం ఒకటి కాదు.

2.5 మైక్రాన్ల కంటే సూక్ష్మమైన ధూళి కణాలకు 2009 జాతీయ ప్రమాణాలు ఘనపు మీటరుకు వార్షిక సగటున 40, రోజుకు 60 మైక్రోగ్రాముల పరిమితిని విధించాయి. ఆచరణలో మన దృష్టి ఎక్కువగా వార్షిక సగటుపైనే నిలుస్తున్నది. వర్షాకాలపు శుభ్రమైన గాలి ఆ సగటును తగ్గిస్తుంది. కానీ చలికాలపు వేకువన పనికి బయలుదేరే కార్మికుడు, బడికి నడిచే పిల్లవాడు సగటు గాలిని పీల్చరు. ఆ పూట గాలినే పీలుస్తారు.

రైతుకు ఈ విషయం కొత్త కాదు. కళ్లంలో ధాన్యాన్ని తూర్పారబట్టేవాడు గాలి వీచే వేళ కోసం ఆగుతాడు. గాలి స్తంభించిన వేళ పురుగుమందు చల్లితే సన్నని తుంపరలు పైరుపై దిగక, నేలకు దగ్గరగా తేలుతూ పక్క పొలానికి చేరతాయని విస్తరణ సిబ్బంది చెబుతూనే ఉన్నారు. పొలానికి వర్తించే ఈ సూత్రాన్ని నగరానికి ఎందుకు వర్తింపజేయరాదు? బొగ్గు, ఖనిజాల ఎగుమతి దిగుమతులు, కట్టడాల కూల్చివేత వంటి ధూళి రేపే పనులను చలికాలంలో రాత్రి, వేకువ వేళల్లో పరిమితం చేయాలి. చెత్త తగులబెట్టడాన్ని ఏ వేళనైనా అరికట్టవలసిందే. ఆ నిఘా సాయంత్రం వేళ మరింత కఠినంగా ఉండాలి. ఇటువంటి నిబంధనలు వ్యయభారం పెంచుతాయన్న వాదన ఉన్నది. అది కొంతవరకు నిజమే. అయితే ఏడాది పొడవునా పని ఆపమనడం కాదు, గాలి సహకరించే వేళకు మార్చమనడమే ఇక్కడి ఉద్దేశం.

చెట్లు నాటితే సమస్య తీరుతుందన్న నమ్మకాన్ని కూడా పరిశీలించాలి. గాలి నిరోధక వరుసలు గోడవలె దట్టంగా కాక, కొంత గాలిని పోనిచ్చేవిగా ఉండాలని సేద్య విజ్ఞానం బోధిస్తుంది. ఇరుకైన వీధులపై కొమ్మలు కమ్ముకుంటే వాహనాల పొగ కిందనే నిలుస్తుంది. బొగ్గు నిల్వల చుట్టూ అనేక వరుసల చెట్లు మేలు చేస్తాయి. సముద్రపు గాలి వచ్చే దారులను మాత్రం చెట్లతోగాని, ఎత్తైన భవనాలతోగాని మూసివేయరాదు.

పగటి గాలి నగర కాలుష్యాన్ని పెందుర్తి, సబ్బవరం, అనకాపల్లి వైపు పొలాల మీదికి మోయగలదు. వాహనాల, కర్మాగారాల వాయువుల నుండి ఎండలో ఏర్పడే ఓజోను ఆకు రంధ్రాల ద్వారా ప్రవేశించి కిరణజన్య సంయోగక్రియను తగ్గిస్తుంది. కనుక ఇది నగరపాలక సంస్థకు మాత్రమే వదిలివేయదగిన విషయం కాదు. మన పరిశోధన స్థానాలు వర్షపాతం, ఉష్ణోగ్రతలతోపాటు ఓజోనును, సూక్ష్మ ధూళిని క్రమం తప్పక నమోదు చేయాలి. వ్యవసాయ వాతావరణ సలహాలలో గాలి స్తంభించే వేళల సూచన కూడా చేరాలి. ఆ సూచన పిచికారీ చేసే రైతుకు, ధూళిని నియంత్రించవలసిన నగర అధికారికి సమానంగా ఉపకరిస్తుంది.