ఈ నెల మాట: వద్దు

 

మొన్న ఆదివారం స్కోఫీల్డ్స్‌లో పెద్ద వాన కురిసింది. మా తెలుగు తరగతిలో ఒక అబ్బాయి పుస్తకం మూసేసి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. 2022 వరదల్లో వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. "ఏమైంది, బాబూ?" అని అడిగాను. "ఏమీ లేదు, టీచర్" అన్నాడు.

ఆ "ఏమీ లేదు" నాకు బాగా తెలుసు. 1987 మే 14న, సరిగ్గా మన గిర్మిట్ దినం రోజున, ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. సిడ్నీ వచ్చాక కూడా, రాత్రి ఎవరైనా తలుపు తడితే నా గుండె దడదడలాడేది. ఎవరు అడిగినా "ఏమీ లేదు" అనేదాన్ని. మన గిర్మిట్ పెద్దలూ అంతే. చెరకు తోటల్లో ఉన్న కూలి లైన్లను "నరక్" అన్నారు. అంతకు మించి చాలామంది ఇంట్లో చెప్పలేదు.

చెప్పుకోని బాధ లోపలే ఉండిపోతుంది. 1998లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. చిన్నప్పుడు ఎన్ని ఎక్కువ రకాల కష్టాలు పడితే, పెద్దయ్యాక సిగరెట్, మద్యం, గుండెజబ్బు అంత ఎక్కువగా కనిపించాయి.

ఇప్పుడు ఇలాంటివాళ్ళ కోసం వర్చువల్ రియాలిటీని వాడుతున్నారు. ఒక పెద్ద కళ్ళద్దాల పెట్టె పెట్టుకుంటే, వేరే చోట ఉన్నట్టే ఉంటుంది. 1990ల చివర్లో అట్లాంటాలో బార్బరా రోత్‌బామ్ అనే మనస్తత్వవేత్త, వియత్నాం యుద్ధం చేసి వచ్చినవారికి దీనితో చికిత్స చేశారు. హెలికాప్టర్ చప్పుడు కొంచెం కొంచెంగా వినిపిస్తారు. పక్కన చికిత్స చేసేవారు ఉంటారు, చాలంటే ఆపుతారు. ఆ చప్పుడు ఇప్పుడు తమను ఏమీ చేయదని మనసు మెల్లగా నేర్చుకుంటుంది.

పిల్లలకు ఇంకో రకం ఉంది. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు వేపింగ్ మీద ఒక వీఆర్ ఆట తయారుచేశారు. ఆటలో స్నేహితులు వేప్ ఇస్తారు. ఆడేవాళ్ళు నోరు తెరిచి వద్దని చెప్పాలి.

మన తరగతిలో చేసేదీ ఇదే కదా! "కిలో వంకాయలు ఎంత?" అని పదిసార్లు అంటే, నిజమైన కొట్టులో మాట తడబడదు. "వద్దు" కూడా అంతే.

కానీ ఇది ఆటబొమ్మ కాదు. భయపడిన పిల్లలకు ఇంట్లో ఈ పెట్టె పెట్టి వరద చూపించకండి. శిక్షణ ఉన్నవారు పక్కన ఉండాలి.

ఆ రోజు నేనూ తలుపు దగ్గర నిలబడ్డాను. నా 1987 కథ చెప్పాను. వాన తగ్గాక వాడు మెల్లగా అన్నాడు: "నాకు వానంటే భయం, టీచర్." ఇంటికెళ్ళి అమ్మమ్మకు కూడా అదే వాక్యం చెప్పాడట. వాడు సరేనన్నాడు కాబట్టే మీకు చెబుతున్నాను.

ఈ నెల మీ పని: ఈ మూడు వాక్యాలు గట్టిగా చదవండి. "నాకు భయంగా ఉంది." "నాకు వద్దు." "నాతో కాసేపు ఉండండి." తరవాత ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే, కిడ్స్ హెల్ప్‌లైన్ ఉంది: 1800 55 1800. 5 నుంచి 25 ఏళ్ళ వాళ్ళు పగలైనా, రాత్రైనా ఫోన్ చేయవచ్చు.

వచ్చే నెల కలుద్దాం.