పచ్చడి పేరు మరచిన కంచము

మన ఇండ్లలో ఇటీవల ఒక వింత వాదము వినబడుచున్నది. పచ్చి కూరగాయలు తరిగి తినుట దొరల పద్ధతి యనియు, దానికి సలాడు అని పేరనియు, శీతల యంత్రములున్న అంగళ్లలో అమ్మెడి విదేశపు ఆకులు లేనిదే అది కుదరదనియు పిల్లలు చెప్పుచున్నారు. పెద్దలు తల యూపుచున్నారు. ఈ వాదమును మనము ఖండింపక తప్పదు. దోసకాయ ముక్కల పచ్చడిని, ముల్లంగి పెరుగు పచ్చడిని, శ్రీరామనవమి నాటి వడపప్పును మనకు ఏ దొరలు నేర్పినారు?

వ్యాసర్పాడిలో శీతకాల మనగా మంచు కాదు, వాన. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము చెన్నైకి ఏటి వానలో సగమునకు మించి తెచ్చును. 2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానును చూచినవారము. గణేశపురం సబ్‌వే మునిగిన దినమున కూరగాయల బండి వీధికి రాదు. 1996లో టోకు బజారు కొత్వాల్ చావడి నుండి కోయంబేడునకు తరలిన పిదప అదియును మనకు మరింత దూరమైనది. అట్టి వారములో, కరెంటు పోయిన ఇంట, రెండు దినములకే వాడిపోవు ఆకులను నమ్ముకొనుట ఏమి వివేకము?

నిలువ ఉండు కాయగూరలు మనకు కొత్తవి కావు. దిష్టికై గుమ్మమునకు వ్రేలాడగట్టిన బూడిద గుమ్మడి నెలల తరబడి చెడక నిలుచుట దినదినము చూచుచునే యున్నాము. గుమ్మము నెక్కిన కాయను కంచములోనికి ఏల రానీయము? తొడిమ ఊడని గుమ్మడి, గట్టి దోసకాయ, పై ఆకులు ఒలువని క్యాబేజీ, బీట్‌రూట్, క్యారట్ గాలి తగులుచోట ఓపికగా నిలుచును. ముల్లంగికి ఆకు కోసివేయవలెను. లేనిచో ఆకు దుంపలోని నీటిని లాగివేయును.

పచ్చికూరతో కడుపు నిండదని కొందరందురు. గిద్దెడు పెసరపప్పు గంటసేపు నానవేసి, ముల్లంగి, క్యారట్, క్యాబేజీ సన్నగా తరిగి, కొబ్బరి తురుము, వేయించిన వేరుశనగలు కలిపి, నిమ్మరసము పిండి, ఆవాలు, ఎండుమిరప, ఇంగువలతో పోపు పెట్టి తిని చూచి, పిమ్మట ఆ మాట అనవలెను. జలుబు చేయునని మరికొందరి భయము. అల్లము, మిరియములు మన ఇంట లేకపోలేదు గదా! ఇక వరదనీటి భయమందురా, అది న్యాయమైనదే. కాచి చల్లార్చిన నీటితో కడుగవలెను; అనుమానమున్నచో ఉడికించి తరుగవలెను. రష్యావారు తమ చలికాలపు సలాడునకు బీట్‌రూట్, క్యారట్, బంగాళాదుంపలను ఉడికించియే కలుపుదురు. ఉడికించినంత మాత్రమున దాని పరువు పోలేదు.

ఇది తిండి మాట మాత్రమే కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత ఈ రాష్ట్రపు బడులలో తెలుగునకు చోటు ఇరుకైనది. అందులకు వినతులు పంపుచున్నాము, సభలు జరుపుచున్నాము. మంచిదే. కాని ఏ చట్టమును అడ్డుపడని వంటింటిలో మన మాటలను మనమే వదలుకొనుచున్నామే! తరుగుట, తురుముట, కోరుట, నానవేయుట, పోపు పెట్టుట అను మాటలు బిడ్డకు పుస్తకము వలన రావు. కత్తిపీట యెదుట కూర్చున్న తల్లి నోటి వలన వచ్చును. పొరుగు తమిళులును తమ పెరుగు కలిపిన కూరను పచ్చడి యనియే పిలుతురు. కావున ఈ పేరు నిలుపుకొనుటలో ఎవరితోను తగవు లేదు; ఉన్నది మన బద్ధకముతోనే.

సలాడు అను మాటను నిషేధింపుమని మేము కోరుట లేదు. ఈ కార్తికము మొదలు సంక్రాంతి వరకు వారమునకు రెండు పూటలైనను మన కాయలతో మన పచ్చడి చేసి, దాని పేరు తెలుగున చెప్పి, పిల్లల చేతనే కలిపించి వడ్డింపుడు. వంటింట నిలుపుకొనలేని భాషను వేదికల మీద నిలుపలేము.