పొడి డబ్బా మీద దేవుడి బొమ్మ

ఈ వారం ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. మిగిలిన పాఠకులు మన్నించాలి. ఉత్తరం చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. అయిదు నెలల క్రితం షుగరు వ్యాధి అని తేలింది. రోజూ ఇన్సులిన్ ఇంజక్షన్లు చేస్తున్నాం. మావారు టీవీలో ప్రకటన చూసి ఒక పొడి తెప్పించారు. డబ్బా మీద దేవుడి బొమ్మ, లోపల చిన్న రాగి యంత్రం ఉన్నాయి. నలభై రోజులు వాడితే ఇంజక్షన్ల అవసరమే ఉండదట. ఎవరో పెద్ద శాస్త్రవేత్త మెచ్చుకున్నారని కూడా రాశారు. పొడి మొదలుపెట్టాక ఇన్సులిన్ మోతాదు నిజంగానే తగ్గించాల్సి వచ్చింది. ఇక ఇంజక్షన్లు మానేద్దామంటున్నారు మావారు. నేను వద్దంటే దేవుడి మీద నమ్మకం లేదా అని కోప్పడుతున్నారు. మా ఊరి డాక్టరు గారు కూడా మానవద్దనే అన్నారు గాని, ఆయన ఉత్త ఎం.బి.బి.యస్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఇన్సులిన్ మానకండి. ఒక్క రోజు కూడా మానకండి. తక్కిన సంగతులు తర్వాత.

పెద్దవాళ్లలో సాధారణంగా కనిపించే షుగరు వేరు, పిల్లల్లో ఎక్కువగా వచ్చేది వేరు. పిల్లల్లో క్లోమగ్రంథిలోని బీటా కణాలు నశించిపోతాయి. ఇన్సులిన్‌ను తయారుచేసేవి అవే. ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర ఎంత ఉన్నా శరీరం వాడుకోలేదు. అప్పుడు కొవ్వును కరిగించుకుంటుంది. దానివల్ల కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. విపరీతమైన దాహం, అతిమూత్రం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో కూడిన లోతైన ఊపిరి, నోట్లోంచి పండ్ల వాసన, మగత - ఇవి దాని లక్షణాలు. కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరి మోతాదు ఎందుకు తగ్గింది? ఇది పొడి మహిమ కాదు. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలివున్న కాసిని బీటా కణాలు విశ్రాంతి దొరికి కొంత కోలుకుంటాయి. కొన్ని నెలలపాటు తక్కువ ఇన్సులిన్ సరిపోతుంది. మేము దీన్ని ‘హనీమూన్’ దశ అంటాము. అది దాటాక మోతాదు మళ్లీ పెరుగుతుంది. ఈ దశలో తాయెత్తు కట్టినా, కాకరరసం తాగించినా వాటికే పేరొస్తుంది. మీవారు మోసపోయారంటే అది ఆయన తెలివితక్కువ కాదు. కళ్లారా చూసినదాన్ని నమ్మారు, అంతే.

పైగా ఇలాంటి పొడుల్లో కొన్నింట అల్లోపతి మాత్రల పొడి, సీసం వంటి లోహాలు బయటపడిన సందర్భాలున్నాయి. కాబట్టి ఆ డబ్బా పారేయకుండా మీ డాక్టరు గారికి చూపించండి.

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అన్నట్టు, ప్రకటనవాళ్లు మనం వినాలనుకున్నదే వినిపిస్తారు. మన దేశంలో 1954లోనే దీనికి చట్టం చేశారు. 54 జబ్బుల పట్టికలో మధుమేహం కూడా ఉంది. వీటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరం. తాయెత్తు, మంత్రం, కవచాలతో నయమవుతుందనడం కూడా నేరమే. మొదటిసారికి ఆరు నెలలదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జిల్లాలోని డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక శాస్త్రవేత్త మాట. లైనస్ పౌలింగ్ అనే మహానుభావుడికి 1954లో రసాయన శాస్త్రంలోనూ, తర్వాత 1962 సంవత్సరానికి శాంతికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. ఆయన 1970లో విటమిన్ ‘సి’ ఎక్కువ మోతాదులో తింటే జలుబు రాదని పుస్తకం రాశారు. తర్వాత క్యాన్సరుకూ పనిచేస్తుందన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు క్యాన్సరు రోగులలో కొందరికి ఆ మాత్రలూ, కొందరికి ఉత్త మాత్రలూ ఇచ్చి చూశారు. 1979లోనూ, 1985లోనూ ఫలితాలు ప్రకటించారు. రెండు వర్గాలకూ తేడా లేదు. అంతటివాడు కూడా తన శాస్త్రం దాటి వైద్యంలోకి వస్తే పొరపాటు పడ్డాడు. అందుకని ఎవరు చెప్పారని కాదు, ఎందరికి ఇచ్చి, దేనితో పోల్చి చూశారని అడగాలి.

అలాగని పెద్ద స్పెషలిస్టు చెప్తేనే నిజమనీ కాదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ పని మొదలుపెట్టిన బాంటింగ్ మధుమేహ నిపుణుడు కాదు, శస్త్రవైద్యుడు. కాని ఆయన తన ఊహను పరీక్షకు పెట్టారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికిచ్చిన మొదటి ఇంజక్షన్ సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన నిపుణుడు మందును శుద్ధిచేశాక, 23న ఇచ్చింది పనిచేసింది. ఆ అబ్బాయి మరో పదమూడేళ్లు బతికాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాది, రెండేళ్లకు మించి బతకడం అరుదు.

మీ డాక్టరు గారు ఉత్త ఎం.బి.బి.యస్. అన్నారు. నేనూ అంతేనమ్మా. ఆయన మీ అబ్బాయి జబ్బును వేళకు కనిపెట్టారు. దానికన్నా ఏం కావాలి? అవసరమైతే పెద్దాసుపత్రికి పంపేదీ ఆయనే.

దేవుడి సంగతి. నేను నాస్తికుణ్ణి కాను. పొద్దున్నే దణ్ణం పెట్టుకునే ఆసుపత్రికి వెళ్తాను. చాలా ఏళ్ల క్రితం, నేను పనిచేస్తున్న ఆసుపత్రికి రాత్రి రెండింటికి ఒక పదేళ్ల పాపను తెచ్చారు. మెడలో కొత్త తాయెత్తు. ఇంజక్షన్లు మాని నాలుగు రోజులు. తెల్లవారేదాకా సెలైన్, ఇన్సులిన్ ఎక్కిస్తూనే ఉన్నాం. దక్కలేదు. ఆ తండ్రి దేవుణ్ణి తిట్టలేదు, మమ్మల్ని తిట్టలేదు. తాయెత్తు తెంపి చేతిలో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. నేటికీ మరచిపోలేను.

మీవారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. మొక్కు మొక్కుకోమనండి, కొండకు తీసుకువెళ్లమనండి. ఇన్సులిన్ కూడా చల్లగా వెంట తీసుకువెళ్లమనండి. ప్రసాదం తిన్నా సరే, లెక్క చూసుకుని తినిపించి, ఇంజక్షన్ మాత్రం వేళకు చేయండి. డబ్బు ఇబ్బందయితే ప్రభుత్వాసుపత్రిలో ఇన్సులిన్ అడగండి.

మీ అబ్బాయి ఎలా ఉన్నాడో మళ్లీ రాయండి.