పనికి కేంద్రం.. భృతికి రాష్ట్రం.. కూలీకి ఎవరు?

నర్సీపట్నం: పని కావాలని దరఖాస్తు చేసుకున్న పదిహేను రోజుల్లో పని చూపకపోతే కూలీకి నిరుద్యోగ భృతి చెల్లించాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏడో సెక్షన్‌లో పొందుపరచిన హక్కు ఇది. తొలి ముప్పై రోజులకు వేతనంలో కనీసం నాలుగో వంతు, ఆపైన కనీసం సగం ఇవ్వాలి. 2025-26లో రాష్ట్రంలో రోజు వేతనం రూ.307. ఆ లెక్కన మొదటి నెలలో రోజుకు దాదాపు రూ.77 భృతి రావాలి. దేశమంతటా ఈ చెల్లింపులు నామమాత్రంగానే మిగిలాయి.

ఇందుకు కారణం ఖర్చుల పంపకంలోనే ఉంది. ఆ చట్టం కింద కూలి డబ్బు మొత్తం కేంద్రానిది. సామగ్రి వ్యయంలో ముప్పాతిక కేంద్రానిది, పాతిక రాష్ట్రానిది. భృతి మాత్రం పూర్తిగా రాష్ట్ర ఖజానా నుంచే చెల్లించాలి. పని చూపకపోతే తన చేతి సొమ్ము పోతుందన్న భయంతోనైనా రాష్ట్రం పని చూపుతుందని చట్టకర్తలు తలచారు. జరిగింది వేరు. తేదీ వేసిన రసీదు చేతికిస్తే పదహారో రోజు నుంచి భృతి బాకీ పడుతుంది. అందుకే చాలాచోట్ల రసీదు ఇవ్వడమే మానుకున్నారు. కూలీ నోటిమాటగా అడగడం, ఫీల్డ్ అసిస్టెంట్ కబురు పెట్టినప్పుడు పనికి పోవడం ఆనవాయితీ అయింది. రసీదు లేనిదే బాకీ రుజువు కాదు.

ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. పని దినాలను వంద నుంచి 125కు పెంచారు. అయితే వేతనాలతో సహా వ్యయంలో 40 శాతాన్ని రాష్ట్రం భరించాలి. కేంద్రం ఏటా నిర్ణయించే కేటాయింపు దాటితే అదనపు భారమూ రాష్ట్రానిదే. భృతి బాధ్యత యథాతథం. పని చూపినా, చూపకపోయినా రాష్ట్రానికి ఖర్చు తప్పని స్థితి ఇది. ఇక రసీదు పుస్తకం బయటకు తీసేదెవరు?

వ్యవసాయ పనుల కాలంలో ఏడాదికి అరవై రోజులు పనులు నిలిపే నిబంధన కూడా కొత్త చట్టంలో ఉంది. ఆ తేదీలను ప్రాంతాలవారీగా ప్రకటించే అధికారం రాష్ట్రానికి ఉంది. తాండవ నీరు పారే నాతవరం ఆయకట్టులో నాట్లవేళ కూలీకి గిరాకీ ఉంటుంది. వాన కోసం ఎదురుచూసే గొలుగొండ మెట్ట గ్రామాలకూ అవే తేదీలు పెడితే అక్కడి కూలీకి అటు పొలం పనీ ఉండదు, ఇటు ప్రభుత్వ పనీ ఉండదు.

నర్సీపట్నం పట్టణ కూలీకి ఆ మాత్రం హక్కు కూడా లేదు. రెండు చట్టాలూ గ్రామీణ కుటుంబాలకే వర్తిస్తాయి. చదువుకున్న నిరుద్యోగులకు రాష్ట్రం సొంతంగా 2018 అక్టోబరు 2న నెలకు రూ.1,000తో యువనేస్తం ప్రారంభించింది. దాని వెనుక చట్టం లేదు. 2019లో ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో కూటమి రూ.3,000 భృతిని వాగ్దానం చేసింది. ఉపాధి, నిరుద్యోగం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 23వ అంశం. అంటే పట్టణ కూలీకీ పని హక్కు కల్పిస్తూ చట్టం చేసే అధికారం ఢిల్లీకీ ఉంది, అమరావతికీ ఉంది.