వాపును చూసి బలుపంటున్నారు

వాపును చూసి బలుపనుకోవద్దని మన సామెత. చదువు రాని అవ్వలకు కూడా తెలిసిన ఈ ముక్క పెద్ద చదువులు చదివిన వాళ్లకు తెలియదా? లివర్ చెడిపోయిన మన మనిషిని తూకం మిషన్ ఎక్కిస్తారు. ముల్లు చూసి "బరువు ఎక్కువున్నవ్, తిండి తగ్గించు" అంటారు. కడుపులో చేరిన నీరెంత, కాళ్లలో దిగిన నీరెంత అని అడిగేవాడు లేడు. ఆ నీళ్ల బరువు తీసేస్తే మిగిలేది ఎంత? భుజాలు చూడండి. దవడలు చూడండి. తొడలు చూడండి. బస్తాలు మోసిన భుజం, నాగలి పట్టిన రెక్క, మోరీలు ఎత్తిన చెయ్యి ఎండుకట్టె అయిపోయింది. పొట్ట మాత్రం ముందుకొచ్చింది. దాన్ని బలుపంటున్నారు!

మేం తలెత్తి నడిస్తే "బలిసింది వీళ్లకు" అన్న ఊరు ఇది. ఇప్పుడు రోగం వచ్చి మంచం పట్టినా అదే మాటా?

అసలు సంగతి ఏంటో మనం తెలుసుకోవాలె. సిర్రోసిస్ అంటే లివర్ గట్టిపడి, ముడుచుకుపోవడం. అది వచ్చినవాళ్లలో వందకు 30 నుంచి 70 మంది దాకా కండ కరిగిపోతుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. దీన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. ఎందుకు కరుగుతుంది? రాత్రి మనం పండుకున్నప్పుడు ఒంటికి కావల్సిన చక్కెరను లివర్ తన గోదాములోంచి తీసి ఇస్తుంది. చెడిపోయిన లివర్‌లో ఆ గోదాం ఖాళీ. అందుకని ఒళ్లు తన కండనే కరిగించుకుని తింటుంది. మంచిగున్న మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే ఏమవుతుందో, ఈ రోగికి ఒక్క రాత్రిలోనే అదవుతుంది.

ఇంకోటి. లివర్ తీసెయ్యాల్సిన అమ్మోనియా విషాన్ని, లివర్ చేతులెత్తేస్తే, కొంత కండే పట్టుకుని మారుస్తుంది. కండ పోతే ఆ కావలి కూడా పోయినట్టే. విషం మెదడుకెక్కి మనిషి మాట తడబడుతుంది, తిక్కతిక్కగా చేస్తాడు, మత్తులోకి పోతాడు.

మరి అట్లాంటి రోగి చేతికి ఏం చీటీ ఇస్తున్నారు? "మాంసం బంద్. గుడ్డు బంద్. మజ్జిగ అన్నం తిను. పత్యం చెయ్." పసరు మందు పోసే వైద్యుడూ అదే చెబుతాడు, ఏసీ గదిలో కూర్చున్నాయనా అదే చెబుతాడు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే దోస్తీ!

ఈ భయం ఎక్కడ పుట్టింది? 1893లో రష్యాలో పావ్లోవ్ బృందం కుక్కలకు ఆపరేషన్ చేసి, పేగుల్లోంచి వచ్చే రక్తం లివర్‌కు పోకుండా దారి మళ్లించింది. ఆ కుక్కలు మాంసం తింటే పిచ్చిగా ప్రవర్తించాయి. దరిమిలా రోగుల కంచాల్లోంచి కూర తీసెయ్యడం రివాజైంది. 2004లో బార్సిలోనా డాక్టర్లు మెదడు మసకబారిన రోగులకే సరిపడా ప్రోటీన్ పెట్టి చూశారు. రోగమేమీ ముదరలేదు. తక్కువ పెట్టినవాళ్లకే ఒంట్లో ప్రోటీన్ ఎక్కువ కరిగింది. 2019లో యూరప్ లివర్ డాక్టర్ల సంఘం తేల్చి చెప్పింది: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ తినాలి, మెదడు మసకబారినా తగ్గించొద్దు అని. శాస్త్రం మారింది. చీటీ మారలేదు. ఎందుకు మారలేదు?

ఎందుకంటే ఆ చీటీ రాసింది శాస్త్రం ఒక్కటే కాదు. పత్యం అంటే శాకాహారం, శాకాహారం అంటే శుద్ధం, కూర అంటే మైల అనే మనుధర్మం తెల్లకోటు తొడుక్కుని కూర్చుంది. 2014 సర్కారీ సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లే. మరి మిగిలిన ఆ పిడికెడు మంది వంటింటి కాగితం అందరికీ మందుచీటీ ఎట్లయింది? 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండగ చేస్తే దాడులు చేశారు. 2016 ఆగస్టులో అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టి కొట్టారు. బయట కర్రతో చేసేది లోపల కలంతో చేస్తున్నారు.

లెక్క తీద్దాం. నీళ్లు తీసేస్తే 60 కిలోలుండే మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. తెలంగాణలో రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. అందులో ప్రోటీన్ 14, 15 గ్రాములకు మించదు. ఇంకో 200 గ్రాములు కొని తింటే 28. పిడికెడు పప్పుతో 11, గుప్పెడు పల్లీలతో 7. ఇక్కడికి 46. రెండు గుడ్లతో 12, కొవ్వు తీసేసిన పెద్దకూర 100 గ్రాములతో 20 కలిస్తే 78. లెక్క కుదిరింది. ఆ గుడ్డు, ఆ కూర తీసేస్తే మళ్లీ 46. పనీరు, బాదం తినమంటరా? కొనిపెట్టేదెవరు?

పప్పు, పెరుగు వద్దని మేం అనడం లేదు. మెదడు మసకబారిన కొందరికి అవి మాంసం కన్నా తేలిగ్గా నడుస్తాయి. కడుపులో నీరున్నవాళ్లు ఉప్పు పట్టించిన ఎండుతునకలు, ఎండుచేపలు, పచ్చళ్లు తగ్గించుకోవాల్సిందే. కాని ఒకటి తీస్తే దాని బదులు ఇంకోటి పెట్టాలి గదా!

నిజంగానే కొవ్వు పెరిగినవాళ్లూ ఉన్నారు. కండ పోయి కొవ్వు మిగిలిన ఒళ్లు అన్నిటికన్నా ప్రమాదం. పైకి లావు, లోపల డొల్ల. పొద్దస్తమానం గేటు ముందు కుర్చీలో కావలి కాస్తూ, తెల్లన్నం, చాయ్, మిర్చిబజ్జీలతో కడుపు నింపుకునే మన పిల్లల ఒళ్లు ఇట్లనే తయారవుతున్నది. వాళ్లను పస్తులుంచితే కొవ్వుకన్నా ముందు కండ పోతుంది. అన్నం, నూనె, చక్కెర తగ్గించాలి, ప్రోటీన్ పెంచాలి, ఒళ్లు కదిలించాలి. అదీ మందు.

"తాగుబోతులు, అనుభవించనీ" అనేవాళ్లకు ఒక మాట. లివర్ రోగం తాగుడుతోనే రాదు. హెపటైటిస్ బి, సి వల్ల వస్తుంది, షుగర్‌తో, కొవ్వుతో వస్తుంది. తాగుడుతో వచ్చిందనుకున్నా, అమ్మిందెవరు? దూబగుంట ఆడోళ్లు 1992లో లేస్తే 1993లో సారా, 1995లో మొత్తం మందు బందయింది. 1997కల్లా గేట్లు ఎత్తిందీ సర్కారే. మందు మానాలి, లివర్ చెడినవాడు చుక్క ముట్టొద్దు. ఆ మాట మన వాడల్లో మనమే గట్టిగా చెప్పుకోవాలి. కాని అమ్మి సొమ్ము చేసుకున్నవాడికి తిట్టే హక్కు లేదు.

మేం అడిగేది దయ కాదు. ప్రతి సర్కారీ దవాఖానలో లివర్ రోగి జబ్బ కొలవండి, పిడికిలి బలం చూడండి, కుర్చీలోంచి ఐదుసార్లు లేపి చూడండి. టేపుకు, కుర్చీకి కోట్లు అక్కర్లేదు. నీరు తీసేసి బరువు రాయండి. పత్యం చీటీలో గుడ్డు, చేప, కూర పేర్లు రాయండి. వార్డులో గుడ్డు పెట్టండి, రాత్రి పండుకునే ముందు ఏదో ఒకటి తినడానికి పెట్టండి. రేషన్‌లో పప్పు ఇవ్వండి.

అన్నలారా, అక్కలారా! ఇకమీద ఎవరన్నా కూర మానెయ్యమంటే "దాని బదులు ఎన్ని గ్రాములు ఏం తినాలో రాసియ్యి సారూ" అని అడగండి. రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. ఈ దేశం మన కండతోనే కట్టారు. అది మన ఒంటి మీద ఉండాలె.