వాల్వుల మైకు గొప్పో కాదో తెర కట్టి తేల్చాలి

వరంగల్ జిల్లాలో ఒక ఊరి గుడి కమిటీ రెండుగా చీలింది. తగాదా భూమి మీద కాదు, ఎన్నికల మీద కాదు, మైక్‌సెట్టు మీద. గుడిలోని పాత వాల్వుల యాంప్లిఫయర్ కొంతకాలంగా మూలపడి ఉంది. దానికి విదేశాల నుండి వాల్వులు తెప్పించి బాగుచేయించాలని పెద్దలు, దాన్ని అమ్మేసి ట్రాన్సిస్టర్ల సెట్టు కొనాలని యువకులు పట్టుబట్టారు. ఖర్చయ్యేది చందా డబ్బు. నాట్లకు పోయే ఆడవాళ్లు కొంగు ముడి విప్పి ఇచ్చిన పది, ఇరవై రూపాయలు కూడా అందులో ఉన్నాయి. ఊరి పేరు రాయవద్దని ఇరుపక్షాలూ కోరినందున రాయడం లేదు.

"వాల్వుల సెట్టుల పాట తియ్యగుంటది, గీ కొత్త డబ్బాలల్ల ఏముంది?" అన్నది పెద్దల వాదన. "అదంతా మీ భ్రమ" అన్నది యువకుల జవాబు. రెండు సెట్లనూ పక్కపక్కన పెట్టి విన్నవారు మాత్రం రెండు పక్షాల్లోనూ ఒక్కరు లేరు.

తేడా కొలతకు అందుతుందా అంటే తప్పక అందుతుంది. చివర ఒకే వాల్వు పనిచేసే సెట్టులో 'స' పలికితే దానితోపాటు పైస్థాయి 'స' కొద్దిగా కలిసి వస్తుంది. అది శ్రుతిలో ఉన్న స్వరమే కనుక చెవికి తప్పుగా తోచదు, పాట నిండుగా ఉన్నట్లు తోస్తుంది. పెద్ద మైక్‌సెట్లలో రెండేసి వాల్వులు ఎదురెదురుగా పనిచేస్తాయి. దాన్ని పుష్‌పుల్ అంటారు. అందులో ఈ పైస్థాయి 'స' చాలావరకు కొట్టుకుపోతుంది, దానిపైన ఉండే 'ప' కొంత మిగులుతుంది. అంటే వాల్వుల సెట్లన్నిటికీ ఒకే గొంతు లేదు. కట్టిన తీరును బట్టి గొంతు. 1947లోనే ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఇంజనీరు 15 వాట్ల వాల్వు యాంప్లిఫయర్‌ను ఈ కల్తీ వెయ్యికి ఒక పాలు మించకుండా రూపొందించాడు.

యంత్రం పట్టిన తేడాను చెవి పడుతుందా అన్నది వేరే సంగతి. 1978లో ఇంగ్లండులోనే క్వాడ్ కంపెనీ తన పాత వాల్వు యాంప్లిఫయర్‌ను, రెండు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లను తెర చాటున పెట్టి అనుభవం ఉన్న శ్రోతలకు వినిపించింది. ఏది ఏదో వారు నమ్మకంగా చెప్పలేకపోయారు. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఖరీదైన ఒక వాల్వు యాంప్లిఫయర్‌ను ఎదుట పెట్టుకొని, తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను దాని కొలతలకు సరిపోయేలా సవరించాడు. చివరికి ఆ పత్రిక సంపాదకులు కూడా రెంటినీ వేరుచేసి చెప్పలేకపోయారు. వాల్వులో మంత్రం ఉంటే అది కొలతల్లోకి వచ్చేదే అని దీనివల్ల తెలుస్తోంది.

అయితే పెద్దల మాటను పూర్తిగా కొట్టివేయడానికి వీలు లేదు. ఇంగ్లండు శ్రోతలు విన్నది సెట్టు శక్తికి లోబడిన శబ్దం. మన ఊళ్లలో పెండ్లయినా, బతుకమ్మయినా మైక్‌సెట్టు మర చివరిదాకా తిప్పితేగాని తృప్తి ఉండదు. శక్తికి మించి తిప్పినప్పుడు వాల్వు మెల్లగా అణిగిపోతుంది, ట్రాన్సిస్టరు మాత్రం శబ్దాన్ని కత్తితో కోసినట్లు కోస్తుంది. ఆ తేడా ఎవరికైనా వినబడుతుంది. కానీ ఆ రోగానికి మందు విదేశీ వాల్వులు కావు, మరను కాస్త వెనక్కి తిప్పడమే. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ పెట్టరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నా మనం వింటున్నామా, అది వేరే కథ.

బూరల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. గుడి మీది బూర మాటను దూరం పంపడానికి చేసింది. డప్పు, డోలు దెబ్బలోని లోతు దానిలోంచి రాదు. ముందు ఏ యాంప్లిఫయర్ పెట్టినా అంతే. పెద్దలకు గుర్తున్న తియ్యదనంలో ఆ కాలపు రికార్డులకు, ఊరంతా నిశ్శబ్దంగా ఉండిన తెల్లవారుజాముకు ఎంత వాటా ఉందో చెప్పలేము.

కనుక చందా డబ్బు తీసేముందు కమిటీవారు ఒక పరీక్ష పెట్టాలని ఈ విలేఖరి సూచన. పాత సెట్టును నడిచేటంత వరకు సరిచేయించి, కొత్తది ఒక పూటకు అద్దెకు తేవాలి. రెంటినీ ఒకే బూరకు, ఒకదాని తరువాత ఒకటి కలపాలి. సెల్‌ఫోన్‌లో ఒకే స్వరం మోగించి, బూర తీగల వద్ద మీటరు పెట్టి ఓల్టేజీ సమానం చేయాలి. ఇది ముఖ్యం. ఏ కొంచెం గట్టిగా మోగినా అదే మంచిదని చెవి మోసపోతుంది. తరువాత తెర కట్టి, వెనుక ఒకరు రూపాయి బిళ్ల ఎగరేసి, పడినదాన్ని బట్టి సెట్టు మార్చాలి. వినేవారు పదిసార్లు చెప్పాలి. ఒప్పు అయినప్పుడల్లా ఒక చింతగింజ వేయాలి. అయిదు గింజలు గుడ్డిగా చెప్పినా వస్తాయి. తొమ్మిదో పదో వస్తేనే చెవికి తేడా తెలిసిందని నమ్మవచ్చు, ఎందుకంటే ఊరికే చెప్పి అన్ని తెచ్చుకోవడం వందలో ఒకరికి సాధ్యం.

ఒక హెచ్చరిక. వాల్వుల సెట్టు లోపల 300 ఓల్టుల పైన ఉంటుంది, స్విచ్చి ఆపిన తరువాత కూడా కొంతసేపు షాకు కొడుతుంది. బూర కలపకుండా దాన్ని నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలే ప్రమాదం ఉంది. తెలిసిన మనిషే ముట్టుకోవాలి.

అటువంటి మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆ సెట్టును ఏళ్ల తరబడి నడిపిన ఆపరేటర్. ఇంత గొడవలో అతన్ని ఎవరూ పిలవలేదు. కలిసి అడిగితే, "వాల్వులు తర్వాత సంగతి సారూ, బూర యూనిట్‌ల డయాఫ్రం పోయింది, ముందుగాల అది మార్పియ్యుమనుండ్రి" అన్నాడు. పరీక్ష పెట్టే రోజు కమిటీవారు మొదట అతనికి కబురు చేయాలి, ఆ పూట కూలి కూడా ఇవ్వాలి.